బొమ్మలకూ ఒక పహాణీ

కర్ణాటక ప్రభుత్వ పురావస్తు, మ్యూజియంలు, వారసత్వ శాఖ కమిషనర్ గారికి, మైసూరు.

అయ్యా,

తుమకూరు జిల్లా పావగడ తాలూకా తిరుమణి నుంచి రాస్తున్నాను. కన్నడ ప్రైమరీ బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన టీచర్ని. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకాలో పుట్టినవాళ్ళకు ఇది వింత కాదు. మీకు కన్నడంలో ఒక ప్రతి విడిగా పంపుతున్నాను. ఇది మాత్రం తెలుగులో, అందరూ చదివేలా రాస్తున్నాను. నేను మాట్లాడబోయే బొమ్మలు తెలుగు మాట్లాడే ఇళ్ళలోవి. వాళ్ళ సొత్తు గురించి నేను మీకేం చెప్పుకున్నానో ఆ ఇళ్ళవాళ్ళకూ తెలియాలి.

మా ఊరి పేరు మీరు కరెంటు వార్తల్లో విని ఉంటారు. 2018లో మొదలైన పావగడ సోలార్ పార్కు మా చుట్టూనే ఉంది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ళ పొలాల్లో సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. కౌలు పత్రాలు రాసే రోజుల్లో ఊళ్ళో ఎక్కడ విన్నా పహాణీల మాటే, అంటే భూమి రికార్డుల మాటే. ఏ సర్వే నంబరులో ఎన్ని గుంటలు, తాత పేరు మీద ఉన్నది ఎందరికి పంచుకుపోయింది, బావి ఎవరి హద్దులో పడింది, అన్నీ తిరగేశారు. ముప్పై ఏళ్ళ కిందట పోయిన మనిషి పేరు కూడా పహాణీలో దొరికింది. పేరు రాసి ఉంది కాబట్టే ఎవరి కౌలు వాళ్ళు అడిగి తీసుకోగలుగుతున్నారు.

ఆ కౌలు డబ్బుతో మా వైపు చాలామంది పాత మట్టిమిద్దెలు దించి కొత్త ఇళ్ళు కట్టుకున్నారు. సంతోషమే. వానకు కారే మిద్దె కింద గిన్నెలు పెట్టి రాత్రంతా మేలుకున్నవాళ్ళకే ఆ సుఖం తెలుస్తుంది. అయితే మిద్దె దించేటప్పుడు అటక మీది పెట్టెలు కూడా కిందికి దిగుతాయి. పెట్టెలో ఇత్తడి చెంబుంటే తూకానికి పోతుంది. పట్టు చీర ఉంటే జరీకి పోతుంది. అడుగున పాత పంచె ముక్కల్లో చుట్టిపెట్టిన బొమ్మలుంటే, ఆ పూట వాకిట్లో నిలబడ్డ గుజిరీ మనిషికి ఊరికే పోతాయి. పొలంలో గుంట జాగాకు పహాణీ ఉంది, మూడు తరాలు కొలువు తీరిన బొమ్మకు ఒక్క వరస రాత లేదు. ఆ రాత కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేను బొమ్మలు చేరదీయడం సోలార్ కంటే ముందే మొదలైంది. 2009లో మా అమ్మ పోయింది. ఆ ఏడు దసరాకు బొమ్మల కొలువు పెట్టకూడదు కాబట్టి పెట్టె తెరవలేదు. మరుసటి ఏడు తెరిచాను. చిన్నప్పటి నుంచీ ఏటా తొమ్మిది రోజులు చూసిన బొమ్మలే. ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే తెలిసింది, సగం బొమ్మల సంగతి నాకు తెలియదు. తలాడించే బొమ్మ ఎక్కడిది? వెన్నకుండ కృష్ణుడి చెయ్యి విరిగిందెప్పుడు, అతికిందెవరు? అమ్మ ఉండగా ఇవి అడగాల్సిన ప్రశ్నలని నాకు తోచలేదు. ఆమె చెబుతూనే ఉండేది కూడా, పేరంటానికి వచ్చిన ప్రతి మనిషికీ. నేను గుగ్గిళ్ళు పంచే పనిలో ఉండి వినలేదు. ఆ రాత్రి ఒక లావాటి లెక్కల పుస్తకం తీసి, తెలిసిన బొమ్మలకు తెలిసినంత రాశాను. తెలియనివాటి పక్కన ఖాళీ వదిలాను. మా పెద్దమ్మ బతికి ఉండడం వల్ల కొన్ని ఖాళీలు నిండాయి, కొన్ని ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.

తర్వాత చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. ఇప్పుడు నా దగ్గర మూడు పుస్తకాలున్నాయి. అందులో ఎక్కిన బొమ్మల్లో మూడో వంతు మాత్రమే నా ఇంట్లో ఉన్నాయి. మిగతావి ఎవరివి వాళ్ళ ఇళ్ళలోనే ఉన్నాయి, ఉండాలి కూడా. మనిషి పారేస్తానంటేనే నేను తెచ్చుకుంటాను. పారేయకపోతే చూసి, కొలిచి, అడిగి, రాసుకుని, ఫోటో తీసుకుని వస్తాను. బొమ్మలు పోగుచెయ్యడం వేరు, బొమ్మల లెక్క రాయడం వేరు అని నాకు ఈ తిరుగుళ్ళలోనే తెలిసింది. నన్నడిగితే రెండోదే ముఖ్యం.

మొదట్లో ఇళ్ళవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. "ఇదేమన్నా దేముడా టీచరమ్మా, రాసుకునేకి? పిల్లోళ్ళు ఆడుకునే బొమ్మ" అనేవాళ్ళు. కూచుని నాలుగు మాటలు కదిలిస్తే మటుకు చెప్పడం మొదలుపెట్టినవాళ్ళు ఆపేవాళ్ళు కాదు.

ఒక జత సంగతి చెబుతాను. నా పుస్తకంలో 41, 42. ఎర్రచందనపు రాజారాణీలు. మైసూరు వైపు పట్టద గొంబె అంటారు, మేం పట్టపు బొమ్మలంటాం. తిరుపతిలో చేసినవి. పెళ్ళిలో పిల్ల వెంట పంపే జత. ఒక్కోటి జానెడు కంటే తక్కువ, చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువు తెలుస్తుంది. ఎర్రచందనం చేవ నీళ్ళలో వేస్తే మునిగే కర్ర. రాణి బాగానే నిలబడుతుంది. రాజు నిలబడడు. కాళ్ళ కింద పీట ఒక పక్కకు ఏటవాలుగా అరిగిపోయింది. ఆ ఇంటివాళ్ళు ఏటా కొలువులో అతని కింద బియ్యం పోసి నిలబెడతారు. పాత వస్తువులు కొనే మనిషి ఒకడు వచ్చి, "పీట పోయింది, జతకు ధర రాదు" అన్నాడట. ఆ ఇంటి అవ్వ నాకు చెప్పింది వేరు. ఇంట్లో ఏ పిల్లకు సెగ్గడ్డ లేచినా, దెబ్బ తగిలి వాచినా, రాజు కాళ్ళను సానరాయి మీద నీళ్ళతో అరగదీసి ఆ ఎర్రటి గంధం పూసేవాళ్ళట. ఆమె మొగుడికి పూశారు, ఆమె పిల్లలకు పూశారు, మనవడికి ఒకసారి పూశారు. రాణిని ఎందుకు అరగదీయలేదని అడిగాను. "ఆడబిడ్డను అట్ల చేస్తారా?" అంది.

అయ్యా, ఈ రాజు పీటను "దెబ్బతిన్నది" అని రాస్తే అబద్ధం రాసినట్టే. ఆ ఏటవాలులో మూడు తరాల పసిపిల్లల ఒళ్ళున్నాయి. నా పుస్తకంలో "అరుగుదల" అని ఒక గడి అప్పుడే పెట్టుకున్నాను. బొమ్మ ఎక్కడ అరిగింది, ఎవరి చేత, దేనికి. ముక్కు అరిగిన గుర్రాలున్నాయి, పళ్ళొచ్చే వయసు పిల్లలు కొరికినవి. వెన్ను నల్లబడ్డ అమ్మాయి బొమ్మ ఉంది, చంకన వేసుకుని పొయ్యి దగ్గర కూచున్న పిల్లది. బొమ్మ వయసు చెప్పేదానికంటే, బొమ్మతో ఎవరు ఎలా బతికారో ఆ గడి ఎక్కువ చెబుతుంది.

బొమ్మను చూసి వయసు కట్టడం కూడా నేర్చుకోవాల్సిన పనే. దానికి ఓపిక కావాలి, వెలుతురు కావాలి, ఒక భూతద్దం కావాలి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు, బరువుండదు. తలా చేతులూ విడిగా చెక్కి చింతగింజల జిగురుతో అతుకుతారు. ఆ అతుకు దగ్గర రంగు పెచ్చు లేస్తే కింద తెల్లటి సుద్ద పూత కనబడుతుంది. చెన్నపట్నం బొమ్మది వేరే తరహా. అది తరిమెన మీద తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మన ఏటికొప్పాక బొమ్మలదీ ఇదే పద్ధతి, ఇదే అంకుడు కర్ర. వాటిని బోర్లించి అడుగు చూస్తే తరిమెన పట్టిన గుర్తు ఉంటుంది. ఒకే కొలువులో ఈ రెండు రకాలూ పక్కపక్కన నిలబడితే దూరం నుంచి అన్నీ రంగు బొమ్మలే. దగ్గరకు పోతే ఒకటి కృష్ణ ఒడ్డు, ఇంకొకటి మైసూరు రైలు దారి.

ఒక ఇంటి కొలువు చూస్తే ఆ ఇంటివాళ్ళు నడిచిన దారులన్నీ తెలిసిపోతాయి. ఎర్రచందనం ఉంటే తిరుపతి మొక్కు. చెన్నపట్నం గిలక ఉంటే మైసూరు దసరాకు పోయి వచ్చారు. మట్టి ఎద్దులుంటే నాగలమడిక సుబ్రహ్మణ్యస్వామి పరస. ఒక ఇంట్లో పలచటి సెల్యులాయిడ్ పాప దొరికింది. గుడ్లు మూసుకోవు, చేతులు ఎలాస్టిక్ తాడుకు వేలాడుతున్నాయి. వీపు మీద భూతద్దంతో చూస్తే కనబడేటంత చిన్న అక్షరాలు, ఇంగ్లీషులో, "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్". రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ పరాయి సైన్యాల కింద ఉన్నది 1945 నుంచి 1952 దాకా. కాబట్టి ఆ పాప పుట్టింది ఆ ఏడేళ్ళ లోపలే. ఇంటివాళ్ళను అడిగితే, వాళ్ళ తాత కోలారు బంగారు గనుల్లో పని చేశాడనీ, సెలవుకు వస్తూ కూతురికి తెచ్చాడనీ చెప్పారు. ఆ కూతురు ఇప్పుడు లేదు. పాప ఒంటి మీది జుబ్బా ఆమె కుట్టిందే. వంకర టింకర కుట్లు, నీలం దారం, ఒక చోట దారం చాలక ఎర్రదారంతో ముగించింది. జపాను పాపకు తిరుమణి జుబ్బా. నేను దాన్ని విప్పలేదు, ఉతకలేదు. "జుబ్బా: ఆడుకున్న పిల్ల స్వయంగా కుట్టినది, సుమారు ఎనిమిదేళ్ళ వయసులో" అని రాశాను.

సెల్యులాయిడ్ సంగతి ఇక్కడే ఒక మాట. అది నిప్పుకు భగ్గుమంటుంది. పాతబడేకొద్దీ పుల్లటి ఆవిరి వదిలి పక్కనున్న బొమ్మల్ని కూడా తినేస్తుంది. అలాంటి పాప ఎవరింట్లో ఉన్నా కొలువు దీపాలకు దూరంగా, గాలి ఆడే అట్టపెట్టెలో, ఒంటరిగా పెట్టండి. మట్టి బొమ్మను తడిగుడ్డతో తుడవద్దు. పాత రంగు మీద కొత్త రంగు వెయ్యొద్దు. ఇది నేను అనుభవించి చెబుతున్నాను. టీచరుగా ఉన్న రోజుల్లో మా అమ్మ అంబారీ ఏనుగుకు రంగు వెలిసిందని ఎనామిల్ డబ్బా తెచ్చి పూశాను. మెరిసింది. అమ్మ ఏమీ అనలేదు, చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది. ఆ ఎనామిల్ కింద ఏ రంగులుండేవో ఇప్పుడు నేను ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. పుస్తకంలో ఆ ఏనుగు దగ్గర నా తప్పు కూడా రాసి ఉంచాను.

ఇప్పుడు మీతో పని ఉన్న మాటకు వస్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక ప్రదర్శనకు మా వైపు నుంచి ఏడు బొమ్మలు అడిగారు. ఎవరని చెప్పను, వాళ్ళ ఉద్దేశం మంచిదే. అంగడి శెట్టి దంపతుల మట్టి బొమ్మలు రెండు, మరో ఐదు, ప్రతిదానికీ నా పుస్తకంలోంచి ఒక పేజీ ఎత్తిరాసి జతచేసి పంపాను. చూడడానికి పోయాను. అద్దాల వెనక దీపాల వెలుగులో ఎంతో అందంగా ఉన్నాయి. కింద చీటీలు చదివాను. "మట్టి బొమ్మ. దక్షిణ భారతం. 20వ శతాబ్దం." ఏడింటికీ అంతే. శెట్టి ముందు పళ్ళేలలో పప్పులూ బెల్లమూ పెట్టడం ఆ ఇంటి చిన్నపిల్లల హక్కనీ, తొమ్మిదో రోజు ఆ బెల్లం వాళ్ళే తినాలనీ నేను రాసింది ఎక్కడా లేదు. తిరిగి వచ్చేటప్పుడు శెట్టెమ్మ బదులు వేరే శెట్టెమ్మ వచ్చింది. మా శెట్టెమ్మ ఎడమ చెవి కమ్మ దగ్గర చిన్న పగులు ఉంటుంది. వచ్చినామెకు లేదు. అడిగితే వెతికారు, దొరకలేదు. ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ దసరాకు మాత్రం శెట్టిని ఒంటరిగా నిలబెట్టింది.

చీటీ చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే ఇంకో కథ చెబుతాను. 1927లో అమెరికా పిల్లలు జపాను పిల్లలకు స్నేహానికి గుర్తుగా 12,000కు పైగా బొమ్మలు పంపారు. సిడ్నీ గులిక్ అనే ఆయన పూనుకున్న పని. ప్రతి బొమ్మకూ ఒక పేరు పెట్టారు, ఒక పాస్‌పోర్టు రాసిచ్చారు. జపాను బడుల్లో వాటిని పండగలా ఎదురేగి తీసుకున్నారు. యుద్ధం వచ్చాక అవే శత్రువుల బొమ్మలైపోయాయి. చాలావాటిని కాల్చారు, పొడిచారు. కొన్ని బడుల్లో కొందరు టీచర్లు వాటిని దాచిపెట్టారు. యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకు అవి బయటపడితే, పాస్‌పోర్టు మిగిలిన బొమ్మ పేరుతో సహా తిరిగి పుట్టింది. జపాను బదులుగా పంపిన 58 పెద్ద బొమ్మల కథ ఇంకోలా నడిచింది. అమెరికాలో ఊరూరా చూపించి సర్దేటప్పుడు పీటలూ సామాన్లూ తారుమారై, ఒక బొమ్మ పేరు ఇంకో బొమ్మకు పోయింది. ఇవాళ్టికీ కిమోనో మీది వంశపు గుర్తు చూసి అసలు పేరేమిటో తేల్చుకుంటున్నారు. టీచర్లు బొమ్మల్ని దాచిన ఆ కథ చదివిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మన దేశంలో బొమ్మల మ్యూజియం అంటే ముందు గుర్తొచ్చేది ఢిల్లీలో శంకర్ గారు పెట్టిందే. కార్టూనిస్టు శంకర్ పిళ్ళై. హంగరీ రాయబారి చేతికిచ్చిన ఒక్క బొమ్మతో ఆయనకు ఆ ఆసక్తి పుట్టింది, 1965 నవంబరు 30న మ్యూజియం తెరిచారు. ఎనభైకి పైగా దేశాల బొమ్మలు ఆరు వేలకు పైగా అక్కడున్నాయి. ఎంతో గొప్ప పని. ఒక్క మాట మాత్రం నాకు అనిపిస్తుంది. మన రాష్ట్రాల వేషాల బొమ్మలు అక్కడ చాలా భాగం చూపించడానికి చేసినవి. అవి ఏ పిల్ల చంకనా ఎక్కలేదు. మైసూరు ప్యాలెస్‌లోని గొంబె తొట్టి బొమ్మలు రాజుగారి కొలువువి. ఈ రెండిటికీ మధ్య, ఊళ్ళలో పిల్లలు ఆడి అరగదీసిన బొమ్మలకు చోటు లేదు. కొలువు ఉన్న ఇళ్ళైనా ఊరికి కొన్నే. కొలువు లేని ఇళ్ళ పిల్లలూ బొమ్మలాడారు. తాటాకు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, చిరిగిన రవికె గుడ్డలో దూది కూరి బొగ్గుతో కళ్ళు దిద్దిన పాపాయి, లంబాణీ తాండాలో అద్దం ముక్కలు కుట్టిన బొమ్మ. తాటాకు బొమ్మ ఒక వేసవి దాటి బతకదు. దాన్ని పెట్టెలో దాచలేం. చెయ్యడం తెలిసిన చేతుల్ని పక్కన కూచుని చూసి, ఏ మడత తర్వాత ఏ మడతో రాసుకోగలం. నా రెండో పుస్తకంలో పదకొండు పేజీలు ఆ మడతలే.

చట్టం ఏం చెబుతుందో కూడా చూశాను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువుకు నూరేళ్ళు నిండాలి. రాతప్రతులకైతే 75 చాలు. 1950 ప్రాంతపు సెల్యులాయిడ్ పాప ఆ లెక్కలోకి రాదు. నూరేళ్ళు నిండేదాకా ఆగితే ఆమె జుబ్బా ఎవరు కుట్టారో చెప్పే నోరు ఉండదు. రాయి ఆగుతుంది, కంచు ఆగుతుంది. బొమ్మ కథ మనిషి నోట్లో ఉంటుంది, మనిషితో పాటే పోతుంది. అందుకే చట్టం మార్చమని కాదు, రాత మొదలుపెట్టమని అడుగుతున్నాను.

మా తాలూకాతోనే మొదలుపెట్టండి. బొమ్మల్ని ఎవరి దగ్గరా తీసుకోవద్దు. ఇంటింటికీ పోయి చూసి రాసే ఒక రిజిస్టరు, ఊరి పహాణీ లాంటిది, చాలు. దొంగిలించిన కళావస్తువులు గుర్తుపట్టడానికి 1997లో వచ్చిన ఆబ్జెక్ట్ ఐడీ పద్ధతి మీ శాఖలో అందరికీ తెలుసు. వస్తువేమిటి, దేనితో చేశారు, కొలతలెంత, రాతలూ గుర్తులూ ఏమిటి, ప్రత్యేకంగా కనబడేదేమిటి, ఎప్పటిది, ఎవరు చేశారు, ఫోటో. ఆ గడులన్నీ ఉంచండి. వాటి పక్కన నా అనుభవంలో నాలుగు గడులు కలపమని అడుగుతాను. ఇంట్లో ఆ బొమ్మను ఏమని పిలుస్తారు. ఏ దారిన వచ్చింది. ఎక్కడ అరిగింది, ఎందుకు. ఇది ఎవరు చెబుతున్నారు. ఆఖరి గడి మాత్రం ఖాళీ ఉండకూడదు. చెప్పే మనిషి ఏ భాషలో చెబితే ఆ మాటల్లోనే రాయాలి, తెలుగైనా, కన్నడమైనా, ఉర్దూ అయినా, లంబాణీ అయినా. "రాజు" అని పిలిచే బొమ్మను "పురుష ప్రతిమ" అని రాస్తే ఆ ఇంటివాళ్ళు తమ బొమ్మను తామే గుర్తుపట్టలేరు.

ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. మ్యూజియంల వస్తువుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడానికి పుణేలో సి-డాక్ వాళ్ళు తయారుచేసిన జతన్ సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. మా ఊళ్ళలో చదువుకున్న ఆడపిల్లలున్నారు, చేతిలో ఫోన్లున్నాయి. ఒక తెల్లగుడ్డ, ఒక స్కేలు, పగటి వెలుతురు ఉంటే ఫోటో వస్తుంది. నంబరు బొమ్మ మీద రాయకూడదు, నూలు నాడా మీద పెన్సిలుతో రాసి వదులుగా కట్టాలని వాళ్ళకు నేను నేర్పుతాను. సాయంత్రాలు నాకు ఖాళీయే. ఆఫీసరు తలుచుకుంటే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. ఐఏఎస్‌గా పనిచేసిన నాగేగౌడ గారు పల్లెల వస్తువులూ పాటలూ వదలకుండా చేరదీసి 1994లో రామనగర దగ్గర జానపద లోక తెరిచారు. నేను పిల్లల్ని రెండుసార్లు తీసుకుపోయాను. తిరుగలి ముందు నిలబడి ఒక పిల్ల "ఇది మా అవ్వది" అంది. ఆ పిల్ల అవ్వది కాదని నాకు తెలుసు. అయినా అలా అనగలగడం కోసమే అవి అక్కడున్నాయి.

ఇంకో సంగతి కూడా మీ ముందు పెట్టాలి. అన్ని బొమ్మలూ మిగలాలని మేం కోరుకోవడం లేదు. మా సరిహద్దు అవతల ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాడించే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆడి ఆడి చిరిగిపోయిన బొమ్మను ఏటిలో వదలడం తోలుబొమ్మల వాళ్ళలో పెద్దల నాటి మర్యాద. కొలువు బొమ్మ పగిలితే మేమూ రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తాం. ఆ మర్యాదను మ్యూజియం గౌరవించాలి. వదిలే ముందు ఒక ఫోటో, నాలుగు వాక్యాలు రాసుకోనిస్తే చాలు. నేను అడిగిన ప్రతి ఇల్లూ ఒప్పుకుంది. ఒక్క ఇంట్లో మాత్రం కాదన్నారు. వాళ్ళ పాప పోయినప్పుడు ఆమె బొమ్మను కూడా ఆమెతోనే పంపాలని తల్లి పట్టుబట్టింది. నేను పుస్తకం మూసి లేచి వచ్చాను. ఆ బొమ్మకు నంబరు లేదు.

దసరా తొమ్మిది రోజులూ మా ఇంట్లో కొలువు ఉంటుంది. తొమ్మిది మెట్లకు సరిపడా బొమ్మలు ఉన్నాయి కానీ మా వసారాలో ఏడే పడతాయి. మీరు గానీ మీ శాఖ నుంచి ఇంకెవరైనా గానీ వస్తే మూడు పుస్తకాలూ తెరిచి చూపిస్తాను, తప్పులుంటే దిద్దించుకుంటాను. బొమ్మల యజమానుల్ని కూడా పేరంటానికి పిలుస్తాను, వాళ్ళ నోటనే వినవచ్చు. వచ్చేవాళ్ళు కన్నడంలో అడగవచ్చు, తెలుగులో అడగవచ్చు.

ఈ ఉత్తరం రాస్తుండగా పోయిన వారం పక్క ఊళ్ళో ఒక మిద్దె దించారు. కబురందేసరికి గుజిరీ బండి పోయింది. గోడవార బూడిదలో ఒక చెక్క గుర్రం మిగిలి ఉంటే తెచ్చాను. చెన్నపట్నం పని, పసుపు లక్క, మూడు చక్రాలు ఉన్నాయి, ముందరి కుడి చక్రం లేదు. దాని బదులు ఎవరో సీసా మూత దిగ్గొట్టారు. మేకు తుప్పు పట్టింది, మూత మాత్రం తిరుగుతోంది. చేసినవాళ్ళు, కొలతలు, రంగు, అన్నీ రాశాను. ఎవరిది అనే గడి ఖాళీగా ఉంది. ఆ ఇంటి పెద్దావిడ తొంభై దాటి బెంగళూరులో మనవడి దగ్గర ఉందట. శనివారం పొద్దున బస్సుకు పోతున్నాను. గుర్రాన్ని తువాలులో చుట్టి సంచిలో పెట్టాను, చేతికిస్తే గుర్తుపడుతుందేమో.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
తిరుమణి, పావగడ తాలూకా